‘ఎందుకింత ఆలస్యం?’ అని అడిగే ముందు



ఏ ఆసుపత్రిలోనైనా క్యాజువాలిటీ గుమ్మం దగ్గర తరచుగా వినిపించే మాట ఒకటుంది. “ఎందుకింత ఆలస్యంగా తెచ్చారు?” డాక్టర్లు అడుగుతారు, సిస్టర్లు అడుగుతారు, స్ట్రెచర్ తోసే వార్డు బాయ్ కూడా అడుగుతాడు. మేమూ ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాం. రోగి మీద కోపంతో కాదు, ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే కాపాడగలిగేవాళ్లం కదా అన్న బాధతోనే అడుగుతాం. కాని వినేవారికి అది బాధలా వినిపించదు. తప్పంతా మీదే అన్నట్టు వినిపిస్తుంది.

గత వానాకాలంలో ఒక రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు కొండల మీది గూడెం నుంచి ఒక గర్భిణిని మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. ముందు రోజు సాయంత్రం నొప్పులు మొదలయ్యాయి. మా వద్దకు చేరేసరికి ఆమెకు స్పృహ సరిగా లేదు. బట్టలన్నీ రక్తంతో తడిసిపోయి ఉన్నాయి. డ్యూటీలో ఉన్న సిస్టర్ అలవాటు ప్రకారం అదే ప్రశ్న అడిగింది. వెంట వచ్చిన అత్తగారు తల ఎత్తి చూసి, “ఆలిస్యం మేం సెయ్యలేదు సిస్టరమ్మా. తొలికోడి కూసినకాడి నుంచీ నడుస్తానే ఉన్నాం” అంది.

ఆ తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆ తరువాత మేము ఆ కుటుంబంతో కూర్చుని, ఆ ఎనిమిది గంటలు ఎక్కడెక్కడ పోయాయో ఒక కాగితం మీద రాసుకున్నాం. తెల్లవారుజామున నాలుగు గంటలకు కర్రకు దుప్పటి కట్టి డోలీలో ఆమెను బయలుదేరదీశారు. ఎనిమిది మంది మగవాళ్లు ఇద్దరిద్దరు చొప్పున భుజాలు మార్చుకుంటూ మోశారు. ఆరు గంటలకు గెడ్డ దగ్గరకు వచ్చారు. రాత్రి కురిసిన వానకు గెడ్డ పొంగి ఉంది. నీరు తగ్గేదాకా రెండు గంటలు గట్టు మీదే కూర్చున్నారు. తారు రోడ్డు చేరేసరికి పది అయింది. ఫోన్‌కు సిగ్నల్ దొరికింది కూడా అక్కడే. 108 వాహనం నలభై అయిదు నిమిషాల్లో వచ్చింది. ఘాట్ రోడ్డు మీద మరో గంటా పావులో మా ఆసుపత్రికి చేర్చింది.

లెక్క చూడండి. ఎనిమిది గంటల్లో ఆరు గంటలు పోయింది తొమ్మిది కిలోమీటర్ల కాలిబాట మీదే. ఆ కుటుంబం ఆలస్యం చేయలేదు. 108 డ్రైవరు ఆలస్యం చేయలేదు. ఆలస్యం చేసింది బాట.

ఆ గూడెంలో ఇరవై రెండు ఇళ్లు ఉన్నాయి. మా ఆరోగ్య శిబిరం వాళ్లు ఇంటింటికీ వెళ్లి రాసుకున్న లెక్క ప్రకారం జనాభా తొంభై ఆరు. ఈ సంఖ్యను గుర్తుంచుకోమని పాఠకులను కోరుతున్నాం. ఈ వ్యాసమంతా ఆ సంఖ్య గురించే.

తలలు లెక్కపెట్టి రోడ్డు వేయడం

మన దేశంలో ఒక పల్లెకు రోడ్డు రావాలా వద్దా అన్నది ముఖ్యంగా అక్కడి జనాభాను బట్టి తేలుతుంది. 2000 డిసెంబరు 25న కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనను ప్రారంభించినప్పుడు, మైదాన ప్రాంతాల్లో 500 మంది, కొండ, ఎడారి, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసాలకు అన్ని కాలాల్లోనూ పనికొచ్చే రోడ్డు వేయాలని నిర్ణయించింది. ఆవాసం అంటే పంచాయతీ కాదు, రెవెన్యూ గ్రామం కూడా కాదు. ఒకచోట స్థిరంగా ఉన్న ఇళ్ల గుంపు. మనం గూడెం అన్నా, పేట అన్నా, పాలెం అన్నా అదే.

ఈ పథకం వల్ల జరిగిన మేలు చాలా పెద్దది. దేశమంతటా ఏడు లక్షల కిలోమీటర్లకు పైగా గ్రామీణ రోడ్లు వచ్చాయి. ఒకప్పుడు ఎడ్లబండి మీద మా దగ్గరకు వచ్చిన ఊళ్ల వారు ఇప్పుడు ఆటోలో అరగంటలో వస్తున్నారు. ఆ మార్పును కళ్లారా చూసినవాళ్లం కాబట్టి దాన్ని తక్కువ చేసి మాట్లాడము.

2024 సెప్టెంబరులో ఈ పథకం నాలుగో దశకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2028-29 వరకు 70,125 కోట్ల రూపాయలతో 62,500 కిలోమీటర్ల రోడ్లు వేసి, ఇంకా రోడ్డు లేని 25,000 ఆవాసాలను కలపాలన్నది లక్ష్యం. ఇక్కడ కూడా కొలత జనాభాయే. మైదానంలో 500, అయిదో షెడ్యూలు గిరిజన ప్రాంతాల్లో 250, తీవ్రవాద ప్రభావం ఉన్న జిల్లాల్లో గుర్తించిన చోట్ల 100. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో, ఆదిమ గిరిజన తెగల ఆవాసాలకు ఈ హద్దును 100కు తగ్గించారు. ఇది మంచి అడుగు. మన రాష్ట్రంలోనూ 2025 ఏప్రిల్‌లో ‘అడవితల్లి బాట’ పేరుతో సుమారు వెయ్యి కోట్ల రూపాయలతో గిరిజన గూడేలకు రోడ్లు వేసే పని చేపట్టారు.

500 నుంచి 250కి, 250 నుంచి 100కి, హద్దు దిగుతూ వచ్చింది. సంతోషమే. కాని ఎంత దించినా హద్దు హద్దే. దాని కింద ఎవరో ఒకరు మిగిలిపోతూనే ఉంటారు. మేము చెప్పిన గూడెం జనాభా తొంభై ఆరు. నూటికి నలుగురు తక్కువ. ఆ రోజు ఆ బిడ్డ బతికి ఉంటే తొంభై ఏడు అయ్యేది. అప్పుడైనా చాలదు.

ఆ సంఖ్య కూడా నిలకడైనది కాదు

జనాభా లెక్క అంటే రాతి మీద చెక్కిన అంకె అనుకుంటాం. దగ్గరగా చూస్తే అది అలాంటిది కాదు.

మొదటిది, లెక్క పాతది. పథకం నాలుగో దశకు ఆధారం 2011 జనగణన. 2021లో జరగవలసిన జనగణన కోవిడ్ కారణంగా వాయిదా పడింది. తరువాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా ప్రభుత్వం 2025లో ప్రకటించింది. 2011లో పుట్టిన ఆడపిల్ల ఆ లెక్క మారకముందే పెళ్లీడుకు దగ్గరపడుతుంది.

రెండవది, జనగణన రెవెన్యూ గ్రామాన్ని లెక్కిస్తుంది. ఒక రెవెన్యూ గ్రామంలో ఆరేడు గూడేలు ఉండవచ్చు. ఒక్కో గూడెం ఒక్కో కొండ మీద ఉండవచ్చు. కాగితం మీద ‘ఈ గ్రామానికి రోడ్డు ఉంది’ అని రాసి ఉంటుంది. ఆ రోడ్డు కింది గూడెం దగ్గర ఆగిపోతుంది. పై గూడేలవారు కాగితం మీద రోడ్డున్న గ్రామంలో, నిజంగా రోడ్డు లేని కొండ మీద బతుకుతుంటారు.

మూడవది, 2011 జనగణన పద్ధతి ప్రకారం ఫిబ్రవరిలో లెక్క తీసే రోజులన్నీ ఇంట్లో లేనివారిని వారున్న చోటే రాసుకున్నారు. పనుల కోసం పట్నం వెళ్లినవారు, ఇటుక బట్టీలకు వెళ్లినవారు సొంత గూడెం లెక్కలోకి రారు. వందకు అటూ ఇటూగా ఉన్న గూడెంలో రెండు కుటుంబాలు పనికి వెళ్తే చాలు, అంకె హద్దు కిందకు పడిపోతుంది.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యం. రోడ్డు లేదు కాబట్టే జనం తగ్గుతున్నారు. పిల్లల చదువు కోసం కొందరు, కాన్పుల భయంతో కొందరు కొండ దిగి రోడ్డు పక్కకు వచ్చేస్తున్నారు. మిగిలేది ముసలివారు, పొలం వదిలి రాలేనివారు, దిగువన స్థలం కొనలేనివారు. అంటే రోడ్డు లేక జనాభా తగ్గుతుంది, జనాభా తగ్గింది కాబట్టి రోడ్డు రాదు. ఈ రెండింటి మధ్య గూడెం నలిగిపోతుంది.

గంటలు లెక్కపెట్టండి

వైద్యంలో మేము మనుషులను సంఖ్యతో కొలవము, గంటలతో కొలుస్తాము. కాన్పు తరువాత తీవ్రమైన రక్తస్రావం మొదలైతే, చికిత్స అందకపోతే సుమారు రెండు గంటల్లోనే తల్లి ప్రాణం పోవచ్చు. ఆ రెండు గంటలు వెయ్యి మంది ఉన్న ఊరిలోనూ రెండు గంటలే, తొంభై ఆరు మంది ఉన్న గూడెంలోనూ రెండు గంటలే. చిన్న ఊరు కదా అని రక్తం నెమ్మదిగా కారదు.

తల్లుల మరణాలపై 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు ఆలస్యాల గురించి రాశారు. ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం మొదటిది. బయలుదేరాక చేరుకోవడంలో ఆలస్యం రెండవది. చేరాక తగిన వైద్యం అందడంలో ఆలస్యం మూడవది. ఇంతకాలంగా ఆరోగ్య విద్య పేరుతో మేము ఎక్కువగా మాట్లాడింది మొదటి ఆలస్యం గురించే. మంత్రసానిని నమ్ముకోవద్దు, నొప్పులు రాగానే రండి అని చెప్పాం. జనం విన్నారు. ఇప్పుడు చాలామంది రావడానికి సిద్ధంగానే ఉన్నారు. రెండో ఆలస్యం గురించి మాత్రం మనం వారికి చెప్పగలిగింది తక్కువ. గెడ్డ మీద కల్వర్టు కట్టుకోండి అని ఒక గర్భిణికి చెప్పలేం కదా.

మన రాష్ట్రంలో తల్లుల మరణాలు బాగా తగ్గాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004-06లో లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45కి దిగింది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవకు, ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు ఇందులో పెద్ద వాటా ఉంది. కాని సగటు అంకెకు ఒక గుణం ఉంది. అది మిగిలిపోయినవారిని దాచేస్తుంది. ఇప్పుడు మిగిలిన మరణాలను తగ్గించాలంటే మనం వెళ్లవలసింది రోడ్డు ఆగిపోయిన చోటుకే.

ఈ మాట కొండలకు మాత్రమే వర్తించదు. గోదావరి లంక గ్రామాల్లో వరద రోజుల్లో పడవ దొరికేదాకా రోగి గట్టు మీదే ఉంటాడు. మైదానంలోనూ ఊరికి రోడ్డు ఉండి, చివరి పేటకు వాన పడితే మోకాలి లోతు బురద ఉన్న చోట్లు మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. పాము కాటు తిన్నవారికీ, గుండెపోటు వచ్చినవారికీ లెక్క ఒకటే. మన దేశంలో ఏటా సుమారు 58,000 మంది పాము కాటుతో చనిపోతున్నారని అంచనా. వారిలో ఎక్కువమంది పల్లెవారే. విషానికి విరుగుడు మందు ఆసుపత్రిలో ఉంటుంది, పాము పొలంలో ఉంటుంది. మధ్యలో ఉన్నది బాటే.

అందుకే మా అభిప్రాయం ఇది. ఏ ఆవాసానికి ముందు రోడ్డు వేయాలో తేల్చేటప్పుడు జనాభాతో పాటు సమయాన్ని కూడా కొలవాలి. ఆపరేషను చేయగల, రక్తం ఎక్కించగల ఆసుపత్రికి వానాకాలంలో చేరడానికి ఎన్ని గంటలు పడుతుంది? రెండు గంటలు దాటితే, అక్కడ తొంభై మంది ఉన్నా, నలభై మంది ఉన్నా, ఆ ఆవాసం ముందు వరుసలోకి రావాలి.

ఇది మేము కొత్తగా కనిపెట్టిన ఆలోచన కాదు. ఆరోగ్య శాఖలో ఇది ఎప్పుడో వచ్చింది. ఆరోగ్య ఉపకేంద్రానికి మైదానంలో 5,000 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మంది అన్నది పాత కొలత. అయితే జాతీయ ఆరోగ్య మిషన్ కింద, ఎంపిక చేసిన కొండ రాష్ట్రాల జిల్లాల్లోనూ, ఎడారి ప్రాంతాల్లోనూ, అరగంట నడకలో ఉపకేంద్రం ఉండాలన్న కొలతను కూడా అంగీకరించారు. అంటే తలల బదులు నిమిషాలు. ఉపకేంద్రానికి ఒప్పుకున్న న్యాయం దానికి దారితీసే రోడ్డుకు ఎందుకు వర్తించకూడదు?

డబ్బు మాట

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. న్యాయమైన అభ్యంతరమే. ఒక ఇంజినీరుగారితో మాట్లాడినప్పుడు ఆయన మాతో అన్నారు: “తొంభై మంది కోసం తొమ్మిది కిలోమీటర్ల కొండ రోడ్డు వేయమంటారు. ఆ డబ్బుతో దిగువన మూడు వేల మందికి రోడ్డు వేయవచ్చు. మీరైతే ఏది ఎంచుకుంటారు?” ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. ప్రభుత్వ ధనానికి లెక్క చెప్పవలసిన మనిషి అలాగే ఆలోచించాలి.

మేము ఆలోచించి చెబుతున్న జవాబు ఇది. ప్రతి గూడెం గుమ్మం దాకా రేపే తారు రోడ్డు కావాలని మేము అనడం లేదు. ఆ రోజు పోయిన ఆరు గంటల్లో రెండు గంటలు ఒక్క గెడ్డ దగ్గరే పోయాయి. అక్కడ మనిషి దాటేపాటి చిన్న వంతెన ఉంటే రెండు గంటలు మిగిలేవి. కాలిబాటను సగం దూరం దాకా జీపు పోయే మట్టిబాటగా వెడల్పు చేస్తే మరో గంటన్నర మిగిలేది. ఫోన్ సిగ్నల్ పైననే అంది ఉంటే 108 వాహనం వారికన్నా ముందే వచ్చి రోడ్డు మీద నిలబడి ఉండేది. ఎక్కడ గంటలు ఎక్కువ పోతున్నాయో అక్కడ మొదట పని చేస్తే, తక్కువ డబ్బుతోనే ప్రాణం నిలబడుతుంది. గంటలు లెక్కపెడితేనే ఆ చోటు కనిపిస్తుంది. తలలు లెక్కపెడితే కనిపించదు.

ఇంకొక మాట. 2006లో ఉపాధి హామీ పథకం వచ్చాక ఏజెన్సీలో ఎన్నో మట్టిబాటలు వేశారు. వాటిలో చాలా వాటికి కల్వర్టులు లేక, రెండు మూడు వానలకే కోసుకుపోయాయి. నీరు పోయే దారి చూపకుండా వేసిన బాట మీద పెట్టిన డబ్బు నీళ్లపాలే. పొదుపు అంటే చిన్న ఊరిని వదిలేయడం కాదు, వేసిన బాట నిలిచేలా వేయడం.

రోడ్డు ఒక్కటి పడితే సరిపోదన్నది కూడా నిజమే. రోడ్డు మీద నడిచే బండి కావాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చింది. నెలనెలా పరీక్షకు రావలసిన గర్భిణులకు ఇది ఎంత ఉపకారమో మా ఓ.పి. వరండాలో కనిపిస్తూనే ఉంది. కాని బస్సు రాని ఊరికి ఉచిత టికెట్టు వల్ల ఉపయోగమేమిటి? రోజుకు ఒక్క పల్లెవెలుగు బస్సయినా కొండ మొదలు దాకా వచ్చి వెళ్లేలా చూడాలి. సంత రోజున జీపు పైకప్పు మీద కూర్చుని వచ్చే నిండు గర్భిణులను ఇప్పటికీ చూస్తున్నాం.

గ్రామ సభ చేయగలిగింది

ప్రభుత్వాన్ని అడగడంతో పాటు ఊరివారు తమంతట తాము చేయగల పనులు కొన్ని ఉన్నాయి. వార్డు సభ్యులు, సర్పంచులు, ఉపాధ్యాయులు ఈ పత్రికను చదువుతారు కాబట్టి వారి కోసం రాస్తున్నాం.

చాలా బాటలు ‘ఇది అడవి భూమి’ అన్న మాట దగ్గర ఆగిపోతాయి. 2006 అటవీ హక్కుల చట్టంలో 3(2) సెక్షను ఉంది. దాని ప్రకారం రోడ్డు, బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ వంటి ఊరి అవసరాలకు ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు అడవి భూమిని ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామ సభ సిఫార్సు తప్పనిసరి. ఆరు మీటర్ల వెడల్పు బాటకు ఒక హెక్టారు అంటే 1,660 మీటర్ల పొడవు దాకా వస్తుంది. గెడ్డ దాటించడానికీ, నిట్టనిలువు మలుపును తప్పించడానికీ అది చిన్న విషయమేమీ కాదు. గ్రామ సభ తీర్మానం రాసి, సంతకాలు చేయించి, ఒక నకలు తమ దగ్గర ఉంచుకోవాలి.

రెండవది, సడక్ యోజన నిబంధనల్లోనే దగ్గర దగ్గరగా ఉన్న ఆవాసాల జనాభాను కలిపి లెక్కించే వీలుంది. మైదానంలో 500 మీటర్ల లోపు, కొండల్లో కిలోమీటరున్నర నడకదారి లోపు ఉన్నవాటిని కలపవచ్చు. అరవై మందీ, డెబ్బై మందీ ఉన్న రెండు గూడేలు విడివిడిగా అడిగితే హద్దు అందుకోలేవు, కలిసి అడిగితే అందుకోవచ్చు.

మూడవది, జనగణనకు గానీ రోడ్ల సర్వేకు గానీ మనుషులు వచ్చినప్పుడు ప్రతి గూడెం దాని సొంత పేరుతో నమోదైందా అని అడిగి చూసుకోవాలి. కొండ ఎక్కలేక కిందే కూర్చుని రాసుకునేవారుంటే, ఊరి యువకులు చేయి పట్టుకుని పైకి తీసుకెళ్లాలి.

బాట వచ్చేదాకా తల్లులను కాపాడుకోవడం

రోడ్డు వచ్చేదాకా కాన్పులు ఆగవు. కాబట్టి రోడ్డు లేని ఊరిలో ప్రతి కుటుంబం ఈ ఏర్పాట్లు ముందుగానే చేసుకోవాలని కోరుతున్నాం.

నెలలు నిండే ముందే, అంటే తొమ్మిదో నెల మొదట్లోనే గర్భిణి కొండ దిగి రావడం అన్నిటికన్నా మేలైన పని. దిగువన చుట్టాలుంటే వారి ఇంట, లేకపోతే గర్భిణుల వసతి గృహంలో ఉండాలి. సాలూరులో 2018లో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం ఇటువంటి వసతి గృహం మొదలుపెట్టారు. నొప్పులు వచ్చాక డోలీలో మోయడం కన్నా, నొప్పులు రాకముందే నడిపించి తీసుకురావడం ఎంతో సులువు.

డోలీ మోసే వారి పేర్లు ముందే అనుకుని ఉంచుకోండి. ఎక్కడ నిలబడితే ఫోన్ పలుకుతుందో ఊరంతటికీ తెలిసి ఉండాలి. డోలీ కదలక ముందే చురుకైన ఒక కుర్రవాడిని అక్కడికి పంపితే, మీరు రోడ్డు చేరేసరికి వాహనం సిద్ధంగా ఉంటుంది. రక్తం ఇవ్వగలవారు ఒకరిద్దరు వెంట రావాలి.

రక్తస్రావం, ఫిట్లు, తీవ్రమైన తలనొప్పితో ముఖం, చేతులు ఉబ్బడం, కళ్లు మసకబారడం, నొప్పులు లేకుండానే ఉమ్మనీరు పోవడం, ఎక్కువ జ్వరం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. పాము కాటు అయితే కోయవద్దు, గట్టిగా కట్టు కట్టవద్దు, నడిపించవద్దు. కాటు పడిన కాలుగానీ చెయ్యిగానీ కదలకుండా ఉంచి మోసుకుని రండి.

మా వంతు

ఇతరులకు ఇన్ని చెప్పాక మా ఇంటిని కూడా మేము సరిదిద్దుకోవాలి.

ఈ నెల నుంచి మా క్యాజువాలిటీలో ‘ఎందుకింత ఆలస్యం?’ అన్న ప్రశ్న మానుకోవాలని అనుకున్నాం. దాని బదులు మూడు ప్రశ్నలు అడుగుతాం. ఎప్పుడు బయలుదేరారు? ఎక్కడ ఎంతసేపు ఆగారు? రోడ్డు ఎన్ని గంటలకు చేరారు? ఆ జవాబులను కేసు షీటులో మొదటి పేజీలోనే రాస్తాం. ఆరు నెలలకొకసారి ఆ గంటలన్నీ ఊరి వారీగా కలిపి, పేర్లు లేకుండా, సంబంధిత అధికారులకు పంపుతాం. ఏ గెడ్డ దగ్గర ఎన్ని గంటలు పోతున్నాయో మా కాగితం చెబుతుంది. ఇంజినీరుగారు అడిగిన ప్రశ్నకు ఆ కాగితమే సరైన జవాబు అని మా నమ్మకం.

వార్డు వెనుక ఖాళీగా ఉన్న రెండు గదులను, దూరం నుంచి వచ్చి కాన్పు కోసం ఎదురుచూసే తల్లులకు ఇస్తున్నాం. వెంట వచ్చిన ఒకరికి కూడా చోటు ఉంటుంది. వంట చేసుకోవడానికి పొయ్యి ఉంది. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఈ సంగతి గూడేల్లో తెలియజేయాలని మనవి.

ఆ అత్తగారు మొన్న సంతకు దిగినప్పుడు కోడలిని తీసుకుని పరీక్షకు వచ్చింది. కోడలికి రక్తం ఇంకా తక్కువగానే ఉంది, ఐరన్ మాత్రలు రాసి ఇచ్చాం. మళ్లీ గర్భం వస్తే ఎనిమిదో నెలలోనే దిగి రమ్మని చెప్పాం. అత్తగారు సరేనంది. వెళ్తూ వెళ్తూ సిస్టర్‌ను అడిగింది, “మా బాట సంగతి ఏమయినా తెలిసిందా సిస్టరమ్మా?” అని. మా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నను చదువుతున్న మీ ముందు కూడా ఉంచుతున్నాం.